సారు పేరు మీద తాళం

మెదక్‌లో చర్చి వెనక వీధిలో, గాబ్రియేలు ఇంట్లో రెండు గదులు కిరాయికి తీసుకుని ఉండే కృష్ణమోహన్ సారుకు పొద్దున్నే ఒక వింత అలవాటు. లేచి ముఖం కడుక్కుని, స్టవ్ మీద టీ పెట్టి, అది మరిగేలోపు కంప్యూటర్ ముందు కూర్చుని ఒక చిన్న ఫైలుకు తాళం తీసేవాడు. ఆ ఫైల్లో ఏముందయ్యా అంటే, 'బాగున్నావా' అనే ఒక్క మాట. అది కూడా తను రాసుకున్నదే. తీసి, చదువుకుని, మళ్ళీ తాళం వేసి, అప్పుడు టీ వడగట్టుకునేవాడు. కొందరు పొద్దున్నే దేవుడి దగ్గర దీపం పెడతారు, ఈయన ఈ పని చేస్తాడు.

పిచ్చి అనకండి. ఆ తాళం తీయడానికి లోపల ఒక రహస్య వాక్యం టైపు చేయాలి. అది మరిచిపోతే ఇక బ్రహ్మదేవుడు దిగివచ్చినా ఫైలు తెరుచుకోదు. మరిచిపోకుండా ఉండటానికే ఈ రోజువారీ సాధన. పైగా అది టైపు చేస్తున్నప్పుడు నల్లటి తెర మీద ఒక్క అక్షరమూ పడదు, ఒక చుక్క కూడా పడదు. వేళ్ళు కదులుతుంటాయి, తెర ఊరకే చూస్తుంటుంది. ఒంటరిగా బతికేవాడికి అదేమంత కొత్త కాదు.

ఆ వాక్యం ఆయన భార్య గోదావరిది. బతికి ఉన్నన్నాళ్ళూ ఆయన బయలుదేరి వీధి మలుపు దాకా పోయాక వెనక నుంచి కేకేసేది: "గొడుగు మరిచిపోయినవ్, ఎనుకకు రా." వానాకాలం ఒక్కటే కాదు, ఆయన ఏ కాలంలోనైనా ఏదో ఒకటి మరిచిపోయేవాడు, ఆమె మాత్రం గొడుగనే కేకేసేది. పచ్చకామెర్లు ముదిరి ఆమె పోయింది. పిల్లలు లేరు. నిజామాబాదులో ఒక తమ్ముడున్నాడు, దసరాకు ఫోన్ చేస్తాడు. గోదావరి మాటను ఇంగ్లిషు అక్షరాల్లో పేర్చి తాళానికి పెట్టుకున్నాక, రోజుకొకసారైనా ఆ ఇంట్లో ఆ మాట నడిచేది, చప్పుడు లేకుండా.

ఒకప్పుడు ఈ సారుకు రామదాస్ చౌరస్తాలో కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్ ఉండేది. దేశం తలుపులు బార్లా తెరిచింది, ఇక కంప్యూటర్ వచ్చినవాడిదే రాజ్యం అని ఊరూరా బోర్డులు లేచిన కాలం. మిగతా చోట్ల ఉత్తరం టైపు చేయడం, రంగులు నింపడం నేర్పితే చాలనుకునేవారు. ఈయనకు మాత్రం నల్లతెర పిచ్చి. బొమ్మలు నొక్కడం చిన్నపిల్లల ఆట, ఆజ్ఞ రాసి పని చేయించుకోవడమే అసలు చదువు అనేవాడు. సిలబస్‌లో లేకపోయినా ప్రతి బ్యాచ్‌కూ జీపీజీ అనే పనిముట్టుతో ఫైళ్ళకు తాళం వేయడం నేర్పేవాడు.

దాన్ని ఆయన చెప్పే తీరు బాగుండేది. నా దగ్గర ఒక రకం తాళంకప్పలున్నాయి అనుకోండి, వాటిని తెరిచే ఉంచి ఊరంతా పంచిపెడతాను, ఎవరైనా నొక్కి మూయొచ్చు, తెరిచే తాళంచెవి మాత్రం నా ఒక్కడి దగ్గరే ఉంటుంది, అనేవాడు. నాకేదైనా పంపాలంటే నా తాళంకప్పతో మూసి పంపండి, ఇక మూసిన మీరు కూడా తెరవలేరు. బోర్డు మీద ఆజ్ఞ రాసేవాడు: ముందు జీపీజీ, తరువాత తాళం వేయమనే గుర్తు, తరువాత ఎవరి కోసం వేస్తున్నామో వాళ్ళ పేరు, చివర ఫైలు పేరు. ఎవరి కోసమో అన్న చోట ఉదాహరణకు తన పేరే రాసేవాడు, కృష్ణమోహన్ అని. అక్కడ మీ మీ పేర్లు పెట్టుకోవాలి సుమా అని నోటితో చెప్పేవాడు. పిల్లలు బోర్డు మీదున్నది ఎక్కించుకునేవారు, నోటితో చెప్పింది గాలికి పోయేది.

ఇంటికి పోయి నాకొక ఉత్తరం తాళం వేసి పంపండి అని ప్రతి బ్యాచ్‌కూ చెప్పాడు. ఒక్కరూ పంపలేదు. ఇన్‌స్టిట్యూట్ మూతపడ్డాక ఊళ్ళో నెట్ సెంటర్లకు కంప్యూటర్లు బిగించే పని చేశాడు, బిగించిన ప్రతి దాంట్లోనూ తన తాళంకప్ప ఒకటి పెట్టి వచ్చాడు. ఊరంతా తాళంకప్పలు పంచి, తలుపు దగ్గర చెవి పట్టుకుని కూర్చున్న మనిషి. ఏళ్ళు గడిచాయి. ఎవరూ ఏమీ పంపలేదు. తన 'బాగున్నావా' తనే చదువుకునేవాడు.

సకల జనుల సమ్మె వచ్చింది. బస్సులు డిపోల్లో నిలిచిపోయాయి, బడులు మూతపడ్డాయి, ఆఫీసుల ముందు టెంట్లు లేచాయి. సారు దగ్గర ట్యూషన్‌కు వచ్చే నలుగురు పిల్లలు కూడా రావడం మానేశారు. చౌరస్తాలో వంటావార్పు జరుగుతుంటే సారు కూడా ఒక పూట పోయి కూర్చున్నాడు, అందరితో పాటు విస్తట్లో అన్నం తిన్నాడు. చుట్టూ నినాదాలు, డప్పులు, పాటలు. ఎవరి గుంపులో వాళ్ళు నవ్వుకుంటున్నారు. ఈయన చేయి కడుక్కుని ఇంటికి వచ్చేశాడు. ఊరంతా ఒక్కటైన రోజున ఒంటరితనం మరీ ఎక్కువగా తెలుస్తుంది.

అటువంటి రోజుల్లో ఒక మధ్యాహ్నం ఇద్దరు ఆడవాళ్ళు కుల్చారం నుంచి షేరింగ్ ఆటోలో వచ్చి ఆయన గడప ముందు నిలబడ్డారు. చిన్నామె రజని, ముప్పై దాటి ఉండదు, నుదుట బొట్టు లేదు. పెద్దామె ఆమె అత్త యాదవ్వ, తల ఒక పక్కకు వంచి, కుడిచెవి ముందుకు పెట్టి నడుస్తోంది. రజని చేతిలో రుమాలులో ముడివేసిన పెన్ డ్రైవ్ ఉంది.

కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చాక సంగతి తెలిసింది. యాదవ్వ కొడుకు, రజని భర్త ఎల్లేష్, సారు పాత శిష్యుడే. చౌరస్తా దగ్గరి నెట్ సెంటర్లో పని చేసేవాడు, ఉద్యమ సభల్లో సొంత పాటలు పాడేవాడు. పోలీసులు ఫోన్లు గుంజుకుని చూస్తున్నారని ఒక పుకారు లేచినప్పుడు, ఫోన్లో రికార్డు చేసుకున్న తన పాటలన్నీ నెట్ సెంటర్ కంప్యూటర్లోకి ఎక్కించి, తాళం వేసి, అసలువి చెరిపేశాడు. తరువాత తనే తెరవబోతే తెరుచుకోలేదు. సారు దగ్గరికి పోవాలె, సారు దగ్గరికి పోవాలె అని భార్యతో అంటూనే ఉన్నాడు, సిగ్గుపడి వాయిదా వేశాడు. ఎండాకాలంలో ఒక సభ నుంచి వస్తుంటే చేగుంట దగ్గర హైవే మీద లారీ గుద్దింది. నెట్ సెంటర్లో వాళ్ళు ఎంత ప్రయత్నించినా ఆ ఫైలు ఒకటే చెబుతోందట: ఇది కృష్ణమోహన్ పేరు మీద మూసినది, చెవి ఇక్కడ లేదు.

సారుకు క్షణంలో అర్థమైంది. బోర్డు మీద ఆజ్ఞను ఎల్లేష్ ఉన్నది ఉన్నట్టు కొట్టాడు. తన పేరు పెట్టుకోవలసిన చోట సారు పేరు పెట్టేశాడు. ఎన్నేళ్ళుగానో ఎదురుచూసిన, తాళం వేసిన ఆ ఒక్క ఉత్తరం ఇలా వచ్చింది, పంపినవాడు పోయాక, పంపుతున్నానని వాడికే తెలియకుండా.

"అవ్వకు ఒక చెవి ఎన్నడో పోయింది సార్," అంది రజని. "కుడిచెవి గూడ దినాం జర జర తక్కువైతున్నది. ఇంక ఎక్కువ దినాలు పని చెయ్యదని దవాఖానల చెప్పిండ్రు. గా చెవి పోకముందే ఆయన గొంతు ఒక్కసారి ఇనాలని ఆమె పట్టు."

ఆ రోజు కరెంటు లేదు, సారు పాత ల్యాప్‌టాప్ బ్యాటరీ ఎప్పుడో చచ్చిపోయింది, వైరు పెడితే తప్ప నడవదు. బొగ్గు గనుల్లో కూడా సమ్మె, కరెంటు ఎప్పుడు వస్తుందో పోతుందో తెలియని రోజులు. సాయంత్రం దాకా కూర్చున్నారు, రాలేదు. రేపు రండి అన్నాడు సారు. ఆ మాట నిజంగానే అన్నాడు, అందులో కల్తీ లేదు.

కానీ ఆ మధ్యాహ్నం ఆయన ఇంట్లో మూడు గ్లాసుల టీ కాగింది. యాదవ్వ గడప పక్కన చతికిలబడి, ఎల్లేష్ చిన్నప్పుడు మేకపిల్లకు పాటలు నేర్పబోయిన సంగతి చెప్పింది. సారు చాలా కాలానికి నవ్వాడు. నీ భార్య పేరేమిటి, ఏమై పోయింది అని యాదవ్వ అడిగింది. ఆ ప్రశ్న ఆయనను ఎవరూ అడిగి ఎన్నేళ్ళయిందో. వాళ్ళు వెళ్ళిపోయాక గ్లాసులు వెంటనే కడగబుద్ధి కాలేదు, పొద్దు పోయేదాకా అలాగే ఉంచాడు.

మరునాడు కరెంటు ఉంది. వాళ్ళొచ్చారు, రెండు మక్క కంకులు కాల్చి కాగితంలో చుట్టుకుని తెచ్చారు. సారు పెన్ డ్రైవ్ పెట్టాడు, ఆజ్ఞ కొట్టాడు, తెర రహస్య వాక్యం అడిగింది. వేళ్ళు మీటల మీద ఉన్నాయి. అది టైపు చేస్తే నిమిషంలో పని అయిపోతుంది, వాళ్ళు దండం పెట్టి వెళ్ళిపోతారు, మళ్ళీ ఎందుకొస్తారు? ఆయన వేళ్ళు తప్పుడు అక్షరాలు కొట్టాయి. తెర మీద ఏమీ పడదు కదా, చూసేవాళ్ళకు తెలియదు. తెర కుదరదంది.

"యాదికొస్తలేదమ్మా," అన్నాడు. "శానా ఏండ్లాయె. ఆలోచించాలె, మళ్ళ రాండ్రి."

ఆ పొద్దున కూడా టీ మరిగేలోపు ఆ వాక్యాన్ని కొట్టిన మనిషి ఈ మాటన్నాడు. గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చుకోవడమంటే ఇదే. ఇంకొక్కసారి, అంతే, అని మనసుకు చెప్పుకున్నాడు. మనసు కూడా తేలిగ్గానే ఒప్పుకుంది.

వాళ్ళు పెన్ డ్రైవ్ ఆయన దగ్గరే వదిలి వెళ్ళాక తలుపు దగ్గరగా వేసి, వాక్యం సరిగ్గా కొట్టాడు. ఫైలు తెరుచుకుంది. ఎల్లేష్ గొంతు గదిలో నిలబడింది. ఎక్కడో కోడి కూస్తోంది, గిన్నెల చప్పుడు, వెనక నుంచి యాదవ్వ గొంతే, "బువ్వ సల్లారుతున్నదిరా" అని. వాడు నవ్వి, పాట ఆపకుండా పాడుతున్నాడు: "సద్దిమూట విప్పవె అవ్వా, సగం ఊరికి పెట్టవె అవ్వా." పాటలన్నీ అయ్యాక ఒక్క మాట: "అవ్వా, ఇన్నవా?" రికార్డింగ్ అక్కడ ఆగిపోయింది.

సారు కళ్ళు తుడుచుకున్నాడు. దేవుడికి పెట్టకముందే నైవేద్యం ఎంగిలి చేసినట్టు అనిపించింది. రేపు రాగానే ఇచ్చేయాలి అనుకున్నాడు. అనుకుని, మళ్ళీ మొదటి నుంచి విన్నాడు.

తరువాత వాళ్ళు వచ్చినప్పుడు కూడా ఇవ్వలేదు. సగం గుర్తొచ్చింది, సగం రావాలి అన్నాడు. ఆ తరువాత రాకలోనూ ఏదో ఒకటి చెప్పాడు. వాళ్ళు విసుక్కోలేదు. ఆటోలకు అడిగినంత ఇచ్చి, టెంట్లు దాటుకుని, ఎండలో వచ్చేవాళ్ళు. రజని, సారు ఇంటి సన్‌షేడ్ కింద ఎండిపోతున్న తులసి కుండీకి నీళ్ళు పోసేది. యాదవ్వ ఆయన ముఖం వంక ఆశగా చూసేది, డాక్టరు నోటి వంక చూసినట్టు. సారు ఇప్పుడు పొద్దున్నే గడ్డం గీసుకుంటున్నాడు, పాలు ఎక్కువ పోయించుకుంటున్నాడు. చుట్టాలొస్తున్నారా సార్ అని గాబ్రియేలు అడిగితే, ఔను, మనోళ్ళే అన్నాడు. ఆ మాట అన్నందుకు రోజంతా సంతోషంగా ఉన్నాడు, అదే అసలు సిగ్గుచేటు.

ఒక్కటి మాత్రం జరుగుతోంది. మొదటిసారి వచ్చినప్పుడు యాదవ్వకు ఆయన మామూలుగా, కాస్త దగ్గరికి జరిగి చెబితే సరిపోయింది. తరువాత గొంతు పెంచవలసి వచ్చింది. ఆ తరువాత చెవి దగ్గర నోరు పెట్టి చెప్పవలసి వచ్చింది. ఆఖరుసారి ఆయన చెప్పినదాన్ని రజని మళ్ళీ చెప్పింది, చేతులతో కూడా చూపించింది. సారు ఇది చూశాడు. చూసి కూడా, ముసలితనం కదా అనుకున్నాడు. కనబడినదాన్ని కానరానట్టు చేసుకోవడానికి మనిషికి ఏ పనిముట్టూ అక్కర్లేదు.

ఆ తరువాత వాళ్ళు రాలేదు. ఒకరోజు చూశాడు, మరొకరోజు చూశాడు. టీ నీళ్ళు ఎక్కువ పోసి, తగ్గించి, మళ్ళీ పోశాడు. బస్సులు తిరగడం మొదలైంది, రోడ్డు మీద హారన్లు వినబడ్డాయి, అయినా రాలేదు. అప్పుడు భయమేసింది. పాటలన్నీ ఒక సీడీలో ఎక్కించి, రజని ఫోన్‌కు పనికొస్తుందని ఒక మెమరీ కార్డులో కూడా వేసి, ల్యాప్‌టాప్, దాని చిన్న స్పీకర్లు సంచిలో పెట్టుకుని, మబ్బు పట్టి ఉందని గొడుగు తీసుకుని కుల్చారం బస్సెక్కాడు.

ఇల్లు కనుక్కోవడం కష్టం కాలేదు, పాటగాడు ఎల్లేష్ ఇల్లంటే అందరూ చూపించారు. యాదవ్వ వాకిట్లో పీట మీద కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. సారు వాకిట్లోకి వచ్చి గొడుగు చూరుకు తగిలించి, అవ్వా అని పిలిచాడు. ఆమె తల ఎత్తలేదు. నీడ మీద పడ్డాక చూసి, ముఖమంతా విప్పి నవ్వింది.

రజని లోపలి నుంచి వచ్చింది. "పోయిన ఐతారం సంది ఏం ఇనిపిస్తలేదు సార్," అంది. "పక్కన బాంబు పేలినా తెల్వదు. గందుకే రాలే. ఇంక వచ్చి ఏం జేస్తం?"

సారు భుజం మీది సంచి దించాడు. గుర్తొచ్చింది, తెరుచుకుంది, తెచ్చాను అన్నాడు, ఆ మూడు ముక్కలే. రజని అత్త ముందు కూర్చుని, పెదవులు విడదీసి, వేలితో ల్యాప్‌టాప్ చూపించి, గొంతు పట్టుకుని చూపించింది. యాదవ్వకు అర్థమైంది. చింతపండు చేతులు చీరకు తుడుచుకుని, పెట్టమంది.

సారు ల్యాప్‌టాప్ వైరు గోడ ప్లగ్గుకు పెట్టి, సౌండు పూర్తిగా పెంచాడు. సద్దిమూట విప్పవె అవ్వా అని ఎల్లేష్ గొంతు వాకిలి దాటి వాడకట్టంతా వినబడింది. పక్కింటివాళ్ళు పనులు వదిలి గోడ దగ్గరికి వచ్చారు, ఎవరో ముక్కు చీదారు. వినవలసిన మనిషి ఒక్కతే, అందరి ముఖాలూ ఒక్కొక్కటిగా చూస్తోంది. వాళ్ళ కళ్ళల్లో నీళ్ళు చూసి తన కొడుకు పాడుతున్నాడని తెలుసుకుంది. చేయి చాపి స్పీకర్ మీద అరచేయి ఆనించింది.

"కొట్టుకుంటున్నది సారూ," అంది. "కోడిపిల్లను పట్టుకున్నట్టున్నది. పాడుతుండా?"

సారు తలూపాడు. ఆమె చేయి తీయలేదు. చివర వాడు "అవ్వా, ఇన్నవా?" అన్నప్పుడు కూడా ఆ చేయి స్పీకర్ మీదే ఉంది. అది ఆగిపోయాక, అయిపోయిందా అని అడిగింది.

పక్కింటివాళ్ళు మెల్లగా వెళ్ళిపోయారు. రజని కళ్ళు ఒత్తుకుంటూ లోపలికి పోయింది. సారు యాదవ్వ ముందు నేల మీద కూర్చున్నాడు. ఇక ఆపుకోలేకపోయాడు.

"నాకు మొదటి సంది యాదికున్నదవ్వా," అన్నాడు. "ఒక్క దినం గూడ మరిచిపోలే. నువ్వు రెండోసారి వచ్చిన దినమే తీసియ్యొచ్చు. తీసిస్తే మీరు మళ్ళ రారని... మా ఇంటికి ఎవరు రారు అవ్వా. గందుకే ఇయ్యలే. నీ కొడుకు గొంతు నేనిన్న, నిన్ను ఇననియ్యలే."

యాదవ్వ ఆయన పెదవుల వంక చూసింది, కళ్ళ వంక చూసింది. చింతపండు వాసన వేసే వేళ్ళతో ఆయన భుజం తట్టింది.

"ఏడ్వకు సారూ," అంది. "నా కొడుకు మీద నీకు గంత ప్రేమ. తిప్పలపడి తీసుకొస్తివి. బువ్వ తిని పో."

సారు తల దించుకున్నాడు. ఎత్తేసరికి గడపలో రజని నిలబడి ఉంది, చేతిలో నీళ్ళ చెంబుతో. ఎప్పటి నుంచి నిలబడిందో అడగనక్కర్లేదు, ఆమె ముఖమే చెప్పింది. ఆమె అరిచినా, తిట్టినా ఆయనకు కొంత సులువయ్యేది. ఆమె వచ్చి చెంబు ఆయన పక్కన పెట్టింది, నీళ్ళు తాగే దాకా ఆగింది. ల్యాప్‌టాప్ మూసి, వైర్లు చుట్టి, సంచిలో సర్ది ఇచ్చింది. స్పీకర్లు మాత్రం యాదవ్వ దగ్గరే ఉంచమన్నాడు, ఉంచింది. సీడీ, మెమరీ కార్డు తీసుకుంది.

"బస్సుకు టైమైతుంది సార్," అంది. "పోండ్రి."

బువ్వ తినలేదేమని యాదవ్వ కోడలిని అడుగుతూనే ఉంది. రజని ఆమెకు ఏమీ చెప్పలేదు, చేతులతో కూడా చెప్పలేదు. సారు దండం పెట్టి వాకిలి దాటాడు.

వీధి మలుపు దాకా వచ్చాక చినుకు మొదలైంది. గొడుగు చూరుకే ఉండిపోయిందని అప్పుడు గుర్తొచ్చింది. వాకిట్లో పీట మీద కూర్చున్న యాదవ్వకు అది కనబడుతూ ఉంటుంది, రజనికీ కనబడుతూ ఉంటుంది. ఆయన ఆగాడు. వెనక నుంచి ఎవరైనా పిలుస్తారేమోనని, ఎందుకో, ఆ కేక ఈ పొద్దు వినబడకపోతుందా అని, తల కొంచెం పక్కకు వంచి, కుడిచెవి వెనక్కి పెట్టి నిలబడ్డాడు.

ఎవరూ పిలవలేదు. చినుకు వానయింది. బస్‌స్టాప్ దగ్గర మెదక్ బస్సు నిలబడి ఉంది, తడుచుకుంటూ పోయి ఎక్కాడు.